చికిత్స తర్వాతి పాతికేళ్ళు

"ఇక నీకేం భయం లేదమ్మా, వెళ్ళిరా." గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ పూర్వదశ కనిపించిన స్త్రీకి చికిత్స చేసి పంపించేటప్పుడు ఆస్పత్రిలో సాధారణంగా వినిపించే ఆఖరి మాట ఇది. ఆ మాటలో అబద్ధం లేదు. కాని అందులో ఉన్నది సగం నిజమే. మిగతా సగం కూడా తెలుసుకోవడం స్త్రీల హక్కు అని చెప్పడానికే ఈ సంపాదకీయం రాస్తున్నాను.

ముందు విషయం స్పష్టం చేసుకుందాం. ముఖద్వార క్యాన్సర్ రాత్రికి రాత్రి వచ్చే జబ్బు కాదు. హెచ్.పి.వి. అనే వైరస్ వల్ల అక్కడి కణాలలో మొదట కొన్ని మార్పులు వస్తాయి. చాలామందిలో ఆ వైరస్ దానంతట అదే పోతుంది. కొందరిలో మాత్రం ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది, కణాల మార్పు ముదురుతుంది. అదే పూర్వదశ. అది క్యాన్సర్ కాదు. నొప్పి ఉండదు, రక్తస్రావం ఉండదు, పరీక్ష చేస్తే తప్ప బయటపడదు. ఆ కొద్ది భాగాన్నీ అతిచల్లటి గ్యాసుతోనో, వేడితోనో నాశనం చేసి, లేదా కోసి తీసేసి, క్యాన్సర్ రాకుండా చాలావరకు ఆపవచ్చు. 2022లో మన దేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చిందనీ, దాదాపు 80,000 మంది చనిపోయారనీ అంతర్జాతీయ అంచనా. ఇంత ఘోరాన్ని పూర్వదశలోనే ఆపగలగడం చిన్న విషయం కాదు. మనలో ఎందరో ఊరూరా తిరిగి పరీక్షలు చేయించుకోమని చెబుతున్నది అందుకే.

అయితే చికిత్సతో వ్యవహారం పూర్తిగా ముగిసిపోదు. స్వీడన్‌లో 1958 నుంచి 2002 దాకా తీవ్రమైన పూర్వదశ బయటపడిన 1,32,000 మందికి పైగా స్త్రీల వివరాలను పరిశోధకులు దేశవ్యాప్త రిజిస్టర్ల నుంచి తీసి పరిశీలించారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం వీళ్ళలో ముఖద్వార క్యాన్సర్ మిగతా స్త్రీలలో కంటే రెండింతలకు పైగా ఉంది. యోని క్యాన్సర్ దాదాపు ఏడు రెట్లు ఉంది. పాతికేళ్ళు గడిచినా ఆ తేడా పోలేదు. అదే దేశం నుంచి 2014లో వచ్చిన మరో అధ్యయనం ఇంకొక సంగతి చెప్పింది. ఎప్పుడో ముప్పయ్యో నలభయ్యో ఏట చికిత్స పొందిన స్త్రీలకు కూడా అరవై దాటాక ఈ ముప్పు వేగంగా పెరుగుతోంది. యోని బయటి భాగానికీ, మలద్వారానికీ, గొంతుకీ వచ్చే కొన్ని క్యాన్సర్లు కూడా వీళ్ళలో ఎక్కువేనని 2017లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. చికిత్స మచ్చను తీసేస్తుంది. వైరస్ చుట్టుపక్కల మిగిలి ఉండవచ్చు, మళ్ళీ సోకనూ వచ్చు. వయసు పైబడేకొద్దీ దాన్ని అదుపులో పెట్టే శక్తి శరీరంలో తగ్గుతుంది.

ఈ అంకెలు చూసి ఎవరూ బెంబేలు పడనక్కరలేదు. యోని క్యాన్సర్ చాలా అరుదైనది, అరుదైన దానికి ఏడు రెట్లయినా అది తక్కువే. సరైన చికిత్స పొందినవాళ్ళలో అత్యధికులకు జీవితాంతం ఏ క్యాన్సరూ రాదు. చెప్పదలచినది ఒక్కటే. వీళ్ళు మిగతావాళ్ళ కంటే ఎక్కువ కాలం, ఎక్కువ శ్రద్ధగా పరీక్షలు చేయించుకోవాలి. ఆ సంగతి వాళ్ళకు ఎవరో ఒకరు చెప్పాలి.

పూర్వదశను వదిలేస్తే ఏమవుతుందో, చికిత్స చేస్తే ఏమవుతుందో వైద్యశాస్త్రానికి ఇంత కచ్చితంగా ఎలా తెలిసింది? ఈ ప్రశ్నకు జవాబు మనబోటి సంఘాలలో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ నగరంలో నేషనల్ విమెన్స్ హాస్పిటల్ అనే పేరున్న ఆస్పత్రి ఉండేది. పూర్వదశ క్యాన్సర్‌గా మారదని అక్కడి డాక్టర్ హెర్బర్ట్ గ్రీన్ నమ్మకం. ఆ నమ్మకాన్ని రుజువు చేయడానికి 1966లో ఆస్పత్రి అనుమతి తీసుకుని, కొందరు స్త్రీలకు పూర్తి చికిత్స చేయకుండా ఏళ్ళ తరబడి గమనిస్తూ పోయాడు. వాళ్ళను మళ్ళీ మళ్ళీ పిలిచారు, పరీక్షించారు, ముక్క తీసి చూశారు. తాము ఒక ప్రయోగంలో ఉన్నామని మాత్రం వాళ్ళకు చెప్పలేదు. ఆయన తోటి డాక్టర్లే ఆందోళన చెంది 1984లో అసలు ఫలితాలను వైద్యపత్రికలో బయటపెట్టారు. అయినా కదలిక లేదు. శాండ్రా కోనీ, ఫిలిడా బంకిల్ అనే ఇద్దరు స్త్రీవాదులు 1987 జూన్‌లో 'మెట్రో' పత్రికలో రాసిన వ్యాసంతోనే దేశం ఉలిక్కిపడింది. జడ్జి సిల్వియా కార్ట్‌రైట్ ఆధ్వర్యంలో విచారణ జరిగి 1988లో నివేదిక వచ్చింది. ఆ తర్వాతే ఆ దేశంలో జాతీయ పరీక్షల కార్యక్రమం, రోగుల హక్కుల కమిషనరు, హక్కుల నియమావళి ఏర్పడ్డాయి.

ఆ స్త్రీల రికార్డులను తిరిగి పరిశీలించి 2008లో ప్రకటించిన ఫలితం ఇది. సరైన చికిత్స అందనివారిలో ముప్పై ఏళ్ళలో నూటికి 31 మందికి క్యాన్సర్ వచ్చింది. సరైన చికిత్స అందినవారిలో నూటికి ఒక్కరికి కూడా రాలేదు, 0.7 శాతం మాత్రమే. ఈ రోజు ప్రపంచంలో ఏ డాక్టరైనా పూర్వదశ గురించి ఒక స్త్రీకి ధైర్యం చెబుతున్నా, జాగ్రత్త చెబుతున్నా దాని వెనక ఆక్లాండ్ స్త్రీల శరీరాలు ఉన్నాయి. వాళ్ళనెవరూ అడగలేదు.

ఇది ఎక్కడో దూరదేశపు కథ అనుకోవద్దు. మన ఢిల్లీలోనే, భారత వైద్య పరిశోధనా మండలికి చెందిన సంస్థ ఆధ్వర్యంలో 1976 నుంచి 1988 వరకు 1,158 మంది స్త్రీలను ఇలాగే గమనించారు. ముఖద్వార కణాలలో మార్పులున్నాయని తెలిసీ చికిత్స చేయకుండా ఎవరికి ముదురుతుందో, ఎవరికి తగ్గుతుందో చూస్తూ కూర్చున్నారు. వాళ్ళలో 71 మందిలో జబ్బు క్యాన్సర్ దాకా పోయిందనీ, తొమ్మిదిమందిలో అది లోపలికి కూడా పాకిందనీ 1997లో పత్రికల్లో వచ్చింది. రాతపూర్వకమైన సమ్మతి లేదు. ఆక్లాండ్ స్త్రీలకు కనీసం ఒక విచారణ, ఒక నివేదిక, ఒక చట్టం దక్కాయి. ఢిల్లీ స్త్రీలకు దక్కినవి కొన్ని పత్రికా వార్తలు.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో ముప్పై నుంచి నలభై తొమ్మిదేళ్ళ స్త్రీలలో ఒక్కసారయినా ముఖద్వార పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. మరోపక్క, గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ ముందున్నాయి. పరీక్షలు లేవు, కోతలు మాత్రం ఉన్నాయి. తెల్లబట్ట అవుతోందనో, నడుము నొప్పి అనో వెళ్ళిన కూలి స్త్రీకి "ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అని చెప్పి గర్భసంచి తీసేసిన కథలు మన కార్యకర్తలందరూ విన్నవే. ఇలాంటి అనవసరపు ఆపరేషన్ల మీద వచ్చిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నీ కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయాలని ఆదేశించింది.

ఇక్కడే రెండు అన్యాయాలు ఒకదానికొకటి ముడిపడుతున్నాయి. గర్భసంచి తీయించుకున్న స్త్రీని "ఎందుకు తీశారు?" అని అడగండి. "గడ్డ ఉందన్నారు", "పుండు ఉందన్నారు" అంటుంది. తీసిన భాగాన్ని పరీక్షకు పంపారో లేదో, అందులో ఏం తేలిందో ఆమెకు తెలియదు. అది నిజంగా పూర్వదశే అయితే గర్భసంచి లేకపోయినా యోని పైభాగానికి ముప్పు మిగిలే ఉంటుంది, పరీక్షలు కొనసాగాలి. కాని "గర్భసంచే లేదు కదా, నీకెందుకు?" అని శిబిరాల్లో ఆమెనే మొదట వెనక్కి పంపేస్తారు. అది పూర్వదశ కాకపోతే, లేని భయాన్ని మోస్తూ బతుకుతుంది. ఏది నిజమో చెప్పగలిగేది ఒక్క కాగితం. ఆ కాగితం ఆమె దగ్గర లేదు.

ఆస్పత్రి దగ్గరయినా ఉంటుందా? వైద్యవృత్తి నియమాల ప్రకారం ఆస్పత్రిలో చేరిన రోగి రికార్డును డాక్టరు మూడేళ్ళు ఉంచితే చాలు. ముప్పు ఆయుష్షు పాతికేళ్ళు, కాగితం ఆయుష్షు మూడేళ్ళు. అయితే అదే 2002 నాటి నియమాలలో మనకు పనికొచ్చే మాట కూడా ఉంది. రోగి అడిగితే 72 గంటలలోగా రికార్డు ఇవ్వాలి. ఈ మాట ఎంతమంది స్త్రీలకు తెలుసు?

మన అధికారిక కార్యక్రమం ముప్పై నుంచి అరవై అయిదేళ్ళ లోపు స్త్రీలకు అయిదేళ్ళకొకసారి పరీక్ష చేయమంటుంది. ఒకసారి చికిత్స పొందిన స్త్రీకి ఆ లెక్క సరిపోదు. చికిత్స అయిన ఏడాదికి మళ్ళీ పరీక్ష చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2019 నాటి అమెరికా మార్గదర్శకాలు అరవై అయిదు దాటినా సరే, మొత్తం పాతికేళ్ళు పరీక్షలు కొనసాగించమంటున్నాయి. హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న స్త్రీలలో పూర్వదశ తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ కనుక వాళ్ళకు ఇంకా తరచుగా చూడాలి.

మళ్ళీ పరీక్షకు ఎందుకు రావడం లేదని స్త్రీలను నిందించడం తేలిక. కూలి మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని, ఇంట్లో అనుమతి తీసుకుని రావలసినది ఆమె. ఇది లైంగిక సంబంధం ద్వారా సోకే వైరస్ అని తెలిస్తే ఆమె నడవడినే ప్రశ్నించే భర్త, అత్త ఉంటారు. అది ఎప్పుడో భర్త నుంచే వచ్చి ఉండవచ్చునని, ఏళ్ళ తర్వాత బయటపడవచ్చునని, లైంగిక జీవితం ఉన్న దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకేదేనని చెప్పే మనిషి ఆమె పక్కన ఉండాలి. ఆ మనిషి మనమే కావాలి.

అందుకని మన డిమాండ్లు ఇవి. పూర్వదశకు చికిత్స పొందిన ప్రతి స్త్రీకీ ఏం కనిపించింది, ఏం చికిత్స చేశారు, మళ్ళీ ఎప్పుడు రావాలి అన్నవి తెలుగులో రాసిన కార్డు ఇవ్వాలి. గర్భసంచి తీసిన ప్రతిచోటా, ప్రభుత్వ ఆస్పత్రయినా ప్రైవేటయినా, బయాప్సీ రిపోర్టు నకలు ఆమె చేతికి అందాలి. ఈ స్త్రీల రికార్డులను కనీసం పాతికేళ్ళు భద్రపరచాలి. వయసు దాటిందని, గర్భసంచి లేదని వాళ్ళను తిప్పి పంపకూడదు. పరీక్షలు ఉచితంగా, ఇంటికి దగ్గరలో, వీలైనంతవరకు స్త్రీ వైద్య సిబ్బంది చేతుల మీదుగా జరగాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం ఆగనక్కరలేదు. మీ గ్రామసంఘాల సమావేశాలలో చికిత్స పొందినవారినీ, గర్భసంచి తీయించుకున్నవారినీ కూర్చోబెట్టి వాళ్ళ కాగితాలు చూడండి. లేనివారి తరఫున రికార్డు కోసం అర్జీ పెట్టించండి. ముట్లుడిగిన తర్వాత రక్తం కనిపించినా, కలయిక తర్వాత కనిపించినా, దుర్వాసనతో స్రావం అవుతున్నా వెంటనే పరీక్ష చేయించండి. మీరు విన్నవి, మీకెదురైనవి మాకు రాయండి. స్త్రీల పేర్లు బయటపెట్టకుండా వచ్చే సంచికలో ప్రచురిస్తాం.

భయపెట్టి ఆపరేషను అమ్మేవాళ్ళు ఉన్నారు. ధైర్యం చెప్పి ఫైలు మూసేసేవాళ్ళూ ఉన్నారు. మనకు ఈ రెండూ వద్దు. మన శరీరం గురించి వాళ్ళకు తెలిసినదంతా మనకూ తెలియాలి.