శిఖరానికి ముందు తిరుగుదారి సంగతి తేల్చండి

ఎవరెస్ట్ ఎక్కబోతున్నాం, దాతలు ఆదుకోవాలి అనే విజ్ఞప్తులు మన పత్రికల జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తాయి. ఖర్చు ఎన్ని లక్షలో ఉంటుంది, శిఖరం ఎత్తు ఉంటుంది, జెండా పట్టుకున్న ఫొటో ఉంటుంది. వాతావరణం చెడితే ఎన్ని రోజులు ఆగగలరు, శిఖరానికి బయల్దేరాక ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి, తిరగమని ఎవరు చెప్పాలి, ఇవి మాత్రం ఉండవు. గైడ్‌ను పెట్టుకుని మంచుకొండ ఎక్కాలనుకునేవారు మొదట తేల్చుకోవలసినవి ఈ మూడే. డబ్బిచ్చే ప్రభుత్వాలూ కంపెనీలూ కూడా ముందుగా అడగవలసినవి ఇవే.

లడఖ్‌లోని నున్ శిఖరాన్నే తీసుకుందాం. ఎత్తు 7,135 మీటర్లు, తొలి ఆరోహణ 1953లో. ఎనిమిది వేల మీటర్ల కొండ కాదు గదా అని దీన్ని ఎవరెస్ట్‌కు ముందు మెట్టుగా ఎంచుకునేవాళ్లున్నారు. ఆలోచన మంచిదే, కొండ మాత్రం తేలిక కాదు. దారిలో హిమానీనదం ఉంది, పైకి చదునుగా కనిపించే మంచు కింద పగుళ్లుంటాయి. అందుకే అందరూ ఒకే తాడుకు కట్టుకుని నడుస్తారు. ఇక శరీరం లెక్క వేరు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దనీ, మూడు నాలుగు రోజులకోసారి ఆగమనీ వైద్యులు చెబుతారు. హైదరాబాద్‌లో పొద్దున్నే విమానమెక్కినవాడు అదే రోజు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో దిగుతాడు, అంటే మొదటి రోజే ఈ లెక్క తప్పుతుంది. దాన్ని సరిచేసుకోవడానికి లేహ్‌లో ఆగాలి. ఆపైన శిబిరాలకు సామాను మోసి, మళ్లీ కిందికి దిగి పడుకోవాలి. గాలి వీస్తే టెంట్లో కూర్చోవాలి. 5,500 మీటర్ల దగ్గర గాలిలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సగమే కాబట్టి ఈ రోజుల్లో ఏదీ వృథా కాదు. అయినా ప్యాకేజీ ధర తగ్గించాలంటే మొదట కత్తెర పడేది వీటికే. వాతావరణం చెడితే ఆగడానికని ఉంచుకున్న నాలుగు రోజులు పోతే శిఖర ప్రయత్నానికి మిగిలేది ఒకే ఒక్క రాత్రి. ఆ రాత్రి మేఘాలు కమ్మినా, ఇంత దూరం వచ్చి ఎలా వెనక్కి వెళ్తాం అనే మాట అక్కడే పుడుతుంది.

శిఖరానికి అర్ధరాత్రి బయల్దేరడం ఆచారం కాదు, అవసరం. రాత్రి మంచు గడ్డకట్టి ఉంటుంది, పగుళ్ల మీది మంచు వంతెనలు బరువు మోస్తాయి. మధ్యాహ్నం ఎండకు అవే మెత్తబడి కూలతాయి. కొండకు బిగించిన తాడు వెంట ఎక్కేటప్పుడు మేకు వచ్చిన ప్రతిచోటా ఒక కొక్కెం తీసి అవతల తగిలించాలి. ఇంట్లో అది క్షణంలో పని. మందపాటి చేతితొడుగులతో, తలదీపం వెలుగులో, ఊపిరాడని ఎత్తులో అది చేతకాక ముందువాడు నిలబడిపోతే వెనకున్న వరుసంతా చలిలో నిలబడాలి. అలా పోయిన గంటలు తిరుగుదారిలోంచి తరుగుతాయి.

పేరున్న గైడ్ ఉన్నాడు, అవన్నీ ఆయనే చూసుకుంటాడు అనేది మొదట వినిపించే అభ్యంతరం. 1996 మే 10న ఎవరెస్ట్ మీద రాబ్ హాల్ కంటే అనుభవజ్ఞుడైన గైడ్ దొరకడం కష్టమే. మధ్యాహ్నం 2 గంటలకల్లా వెనక్కి తిరగాలనే మాట కూడా ఆ బృందంలో ఉంది. ఆయన క్లయింట్ డగ్ హాన్సన్ అంతకు ముందు ఏడాది శిఖరానికి దగ్గరగా వెళ్లి వెనక్కి తిరిగిన మనిషి. ఈసారి గడువు దాటి, సాయంత్రం 4 తర్వాత పైకి చేరాడు. ఇద్దరూ తిరిగి రాలేదు. అప్పుడు విరుచుకుపడిన తుపానులో మొత్తం ఎనిమిది మంది చనిపోయారు. హాల్‌కు నైపుణ్యం తక్కువై ఇది జరగలేదు. డబ్బు కట్టి, రెండోసారి వచ్చి, శిఖరం కళ్లెదుట ఉన్న మనిషిని ఆపడం గైడ్‌కు కూడా కష్టం. అందుకే గడువూ, ఆపే అధికారమూ కింద, మైదానంలో, కాగితం మీద ఖాయం కావాలి. ముందస్తు జాగ్రత్త అన్ని ప్రమాదాలనూ తప్పిస్తుందని చెప్పడం లేదు. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా డాండా-2 శిఖరం మీద మంచుచరియలు విరుచుకుపడినప్పుడు అక్కడున్నది ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందమే. కొండ చేతిలో ఉన్నది కొండదే. మన చేతిలో ఉన్న భాగాన్ని కూడా దానికి వదిలేయడం ఎందుకు?

పూర్ణ సంగతేమిటి అని అడిగేవారుంటారు. 2014 మే 25న మలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే, ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కిన మాట నిజం. మన ఊళ్లలో ఎందరికో ఆ కోరిక పుట్టించిందీ ఆ విజయమే. కానీ ఫొటో గుర్తున్నంతగా దాని వెనక ఉన్న వడపోత గుర్తులేదు. గురుకుల పాఠశాలల నుంచి వచ్చిన ఆ పిల్లలు మొదట భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కడం నేర్చారు, డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థలో మంచు పాఠాలు నేర్చారు, లడఖ్‌లో చలికి అలవాటుపడ్డారు. దశదశకీ కొందరు ఆగిపోగా చివరికి ఇద్దరు మిగిలారు. సాహసమంటే దూకడమే అనుకునేవారు ఆ వరుసను మరోసారి చూడాలి.

గట్టి అభ్యంతరం డబ్బుదే. నేపాల్ 2025 సెప్టెంబరు నుంచి వసంతకాలపు ఎవరెస్ట్ పర్మిట్ రుసుమును 11,000 డాలర్ల నుంచి 15,000కు పెంచింది. ఎనిమిది వేల మీటర్లు దాటిన కొండలపై ఇద్దరు ఆరోహకులకు ఒక గైడ్ ఉండాలని నియమం పెట్టింది. అప్పు చేసి బయల్దేరే కుటుంబం మీద ఇంకో పది రోజుల ఖర్చు, రెండు శిక్షణ శిఖరాల ఖర్చు మోపడం న్యాయమా? న్యాయం కాదు, కుటుంబం ఒక్కటే మోయాలంటే. దాతలు ముందుకు రావలసింది ఇక్కడే. ఇప్పుడు శిఖరం చేరినవారికే సన్మానం, నగదు. ఏడు వేల మీటర్ల దగ్గర గాలి చూసి వెనక్కి వచ్చిన పిల్లకు దక్కేది సానుభూతి, ఇంటి మీద అప్పు. డబ్బును విడతలుగా ఇవ్వవచ్చు: పర్వతారోహణ బేసిక్, అడ్వాన్స్‌డ్ కోర్సులకు కొంత, ఆరు వేల మీటర్ల కొండకు కొంత, అక్కడి శిక్షకుడి నివేదిక చూశాకే పై ఎత్తుకు. గైడ్ వెనక్కి పంపితే మరుసటి ఏడాదికి మళ్లీ ఇస్తామనే షరతు మొదటి చెక్కు ఇచ్చే రోజే ఒప్పందంలో రాయాలి. ఆ కాగితం ప్రతి ఒకటి గైడ్ దగ్గరా ఉండాలి. వెనక్కి తిప్పితే ఎదుటి మనిషి ఇల్లు మునగదని ఆయనకూ తెలియాలి గదా.