కుర్చీలు మడిచేవారు

'రాకీ అండ్ బుల్‌వింకిల్' బొమ్మల్లో ఎగిరే ఉడత గొంతు జూన్ ఫోరేది. నూరేళ్ళు నిండడానికి రెండు నెలలైనా లేకుండా 2017లో కన్నుమూశారు. ఆ గొంతు కంటే ఆవిడ చేసిన సంఘం పని నాకెక్కువ నచ్చుతుంది.

సినిమా చివర పేర్లు వచ్చే వేళకు మనం లేచి కోట్లు వెతుక్కుంటాం. ఆ పేర్ల వారిని పిలిచి సన్మానించాలని, యానిమేషన్ వారి సంఘం ఆసిఫా-హాలీవుడ్‌లో ఆవిడ పట్టుబట్టారు. 1972లో తొలి సన్మానం బెట్టీ బూప్ బొమ్మలు తీసిన ఫ్లైషర్ సోదరులు మాక్స్, డేవ్‌లకు జరిగింది. యానిమేషన్ కదా, 'ఆనీ' అందామన్నది ఆవిడ భర్త హోబర్ట్ డోనవన్. (ఇంటాయన మాట చెల్లిన సందర్భం!) పెద్ద బొమ్మల చిత్రాలకు విడిగా ఆస్కార్ ఇవ్వాలని కూడా ఏళ్ళ తరబడి అడిగారు. 2002లో అదీ వచ్చింది, మొదట 'ష్రెక్'కు.

1995లో సంఘం ఆవిడ పేరనే ఒక బహుమతి పెట్టింది. బాగా గీసినందుకు కాదు, ఆ రంగానికి మేలు చేసినందుకు. మొదట అందుకున్నదీ ఆవిడే.

మనం ఉగాదికి పాడినవారికి శాలువా కప్పుతాం. హాలు తాళం తెచ్చి, పులిహోర గిన్నెలు కడిగి, అర్ధరాత్రి కుర్చీలు మడిచేవారి మాటేమిటి? వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నాను. బలపరచడానికి ఒకరు కావాలి.