క్యారవాన్‌లో పరుపు కన్నా ముందు అలారం

2024 డిసెంబర్ 23న కేరళలోని కోళికోడ్ జిల్లా వడకర దగ్గర, రోడ్డు పక్కన ఆపి ఉంచిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. బండి దేన్నీ గుద్దలేదు, ఒంటి మీద దెబ్బల్లేవు. వాళ్లు విహారానికి వచ్చిన అతిథులు కూడా కారు, ఆ బండి సిబ్బంది. జనరేటర్ వేసుకుని, ఏసీ పెట్టుకుని కాసేపు నడుం వాల్చారు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ బండి అడుగున ఉన్న రంధ్రంలోంచి లోపలికి చేరిందని విచారణలో తేలింది. కాలికట్ ఎన్ఐటీ నిపుణులు అదే బండిలో జనరేటర్ నడిపి కొలిస్తే, రెండు గంటల్లో ఆ వాయువు 900 పీపీఎం దాటింది.

హైదరాబాద్‌లో షూటింగ్ జరిగే చోటల్లా క్యారవాన్లు బారులు తీరి ఉంటాయి. ఇప్పుడు టెంపో ట్రావెలర్‌నో పాత వ్యాన్‌నో ఇల్లులా మార్చుకుని అరకు, లంబసింగి, గండికోట వైపు బయల్దేరే కుటుంబాలూ కనిపిస్తున్నాయి. గ్యారేజీలో వాళ్ల మొదటి మాటలు పరుపు వెడల్పు గురించి, ఏసీ టన్నుల గురించి, టీవీ ఎక్కడ బిగించాలన్న దాని గురించి. ఈ వరస మారాలి. మనుషులు నిద్రపోయే బండిలో అలారం, గాలి వచ్చే దారి, బయటపడే దారి ముందు ఉండాలి. అవి లేని మార్పులకు రవాణా శాఖ ఆమోదం ఇవ్వకూడదు.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికన్నా 200 రెట్లకు పైగా బలంగా దీన్ని పట్టుకుంటుంది. మెలకువగా ఉన్నవాళ్లకు తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండడం, కళ్లు తిరగడం తెలుస్తాయి, అది కూడా ప్రయాణపు అలసటే అనుకుంటారు. నిద్రలో ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. వ్యాన్ లోపల ఉండే గాలి ఒక చిన్న గదిలో ఉండే గాలి కన్నా తక్కువ. ఏసీ చల్లదనం పోకూడదని సందులన్నీ మూసేస్తే అది ఇంకా త్వరగా విషమవుతుంది.

దీన్ని పట్టే పరికరం చేతిలో పట్టేంత చిన్నది. కొనేటప్పుడు చూడాల్సింది ఈఎన్ 50291 అనే యూరప్ ప్రమాణం, అందులోనూ రెండో భాగం. క్యారవాన్లు, పడవల లాంటి వాటి కుదుపులను దృష్టిలో పెట్టుకుని రాసింది అదే. ఆ ప్రమాణం పాటించే అలారం 50 పీపీఎం దగ్గర గంట నుంచి గంటన్నర లోపు, 300 పీపీఎం దగ్గర మూడు నిమిషాల్లోపే మోగుతుంది. పొగను పసిగట్టే అలారం ఈ పని చేయదు, రెండూ వేర్వేరుగా ఉండాలి. పడుకున్నవాళ్ల తల ఎత్తుకు దగ్గరగా బిగించాలి. లోపలి సెన్సర్‌కు ఆయుష్షు ఉంటుంది, గడువు తేదీ పరికరం మీదే అచ్చు వేసి ఉంటుంది. అమెరికాలో ఆర్వీలు అని పిలిచే ఇలాంటి బండ్లకు వర్తించే ఎన్ఎఫ్‌పీఏ 1192 ప్రమాణం కార్బన్ మోనాక్సైడ్, పొగ, గ్యాస్ లీకు, మూడింటి అలారాలనూ తప్పనిసరి చేసింది. అక్కడ ఆర్వీ అద్దెకు తీసుకుని నేషనల్ పార్కులు తిరిగే తెలుగు కుటుంబాలకు దొరికే ఈ రక్షణ, ఇక్కడ క్యారవాన్‌లో కునుకు తీసే డ్రైవర్‌కు ఎందుకు ఉండకూడదు?

అసలు జనరేటర్ అవసరం ఏసీతో మొదలవుతుంది. 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో పట్టే కరెంటు 1.28 యూనిట్లు. మామూలు ఒక టన్ను ఏసీ దాన్ని గంట, గంటంపావులో తాగేస్తుంది. ఇన్వర్టర్ ఏసీ సగటున 500 వాట్లు తీసుకున్నా, రాత్రి ఎనిమిది గంటలకు ఇలాంటి బ్యాటరీలు నాలుగు కావాలి. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ పలకలు పెట్టినా, మన ఎండకు రోజుకు వచ్చేది ఒకటిన్నర యూనిట్ చుట్టూ. ఈ లెక్క ముందే వేసుకోని వాళ్లు ఆఖరికి బండి అడుగున జనరేటర్ బిగిస్తారు, లేదా ఇంజిన్ ఆన్‌లో ఉంచి పడుకుంటారు. ఇంజిన్ పొగా అదే పని చేస్తుంది. పైకప్పుకు, గోడలకు వేడి ఆపే పొర వేసి, కప్పులో గాలి లాగే ఫ్యాను పెట్టుకుంటే ఖర్చయ్యేది 30 వాట్లలోపే. ఒక్క బ్యాటరీతో నాలుగు రాత్రులు గడుస్తాయి. రోహిణీ కార్తెలో ఇది చాలదు, నిజమే. అప్పుడు కావాల్సింది బండి ఆగే చోట కరెంటు.

16 ఆంపియర్ల ప్లగ్ ఒకటి ఉంటే 3.6 కిలోవాట్ల వరకు తీసుకోవచ్చు. ఏసీకి, ఫ్రిజ్‌కు, బ్యాటరీ చార్జింగ్‌కు సరిపోతుంది. యూరప్‌లో క్యారవాన్లు ఆగే మైదానాల్లో ఇలాంటి కరెంటు స్తంభాలు మామూలు విషయం. బండి ఒళ్లంతా ఇనుమే కాబట్టి ఎర్తింగూ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా తప్పకుండా ఉండాలి.

వంట దగ్గర ఇంకో ప్రమాదం. 2023 ఆగస్టు 26న మధురై యార్డులో ఆగి ఉన్న పర్యాటకుల రైలు పెట్టె, లోపలికి తెచ్చిన గ్యాస్ సిలిండర్ వల్ల అంటుకుని తొమ్మిది మంది చనిపోయారు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. సిలిండర్‌ను మనుషులుండే చోటు నుంచి పూర్తిగా వేరు చేసిన అరలో పెట్టి, ఆ అర అడుగున బయటికి రంధ్రం వదలాలి. ఇండక్షన్ పొయ్యి వాడగలిగితే ఈ బాధే ఉండదు. డిసెంబర్ చలిలో నిప్పుల కుంపటి మాత్రం ఏ కారణానా లోపలికి తేకూడదు.

వైరింగ్ సంగతి. 12 వోల్టుల మీద 1000 వాట్లు లాగితే తీగలో పారేది 90 ఆంపియర్ల చుట్టూ. ఇంట్లో వాడే 2.5 స్క్వేర్ ఎంఎం తీగ దానికి కాలిపోతుంది. 25 లేదా 35 స్క్వేర్ ఎంఎం రాగి తీగ వేయాలి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాలి.

ఇక బయటపడే దారి. 2013 అక్టోబర్ 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర 45 మంది, 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర 19 మంది బస్సు ప్రయాణికులు మంటల్లో పోయారు. రెండూ జనం నిద్రలో ఉండే వేళలే. తలుపు వైపు మంటలుంటే రెండో దారి ఏది? కప్పులోని మూతో, వెనక కిటికీయో లోపలి నుంచి ఒక్క తోపుతో తెరుచుకోవాలి. దానికి అడ్డంగా బీరువా కట్టకూడదు. మంచం చేతికందేంత దూరంలో మంటలార్పే సిలిండర్ ఉండాలి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిలో మార్పులు చేయాలంటే అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చే అధికారి లోపలికి ఎక్కి అలారం బటన్ నొక్కి చూడాలని, రెండో దారిలోంచి ఒక మనిషిని బయటికి రమ్మనాలని, గ్యాస్ అరనూ బ్యాటరీ ఫ్యూజునూ చూసి రాసుకోవాలని రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు ఉత్తర్వు ఇవ్వాలి. ఫిట్‌నెస్ పరీక్షలోనూ ఇవే చూడాలి. పర్యాటక సంస్థలు క్యారవాన్లు ఆగే ప్రతి చోటా ఎర్తింగ్ ఉన్న కరెంటు పాయింట్లు పెట్టాలి. నిర్మాతలు అలారం లేని క్యారవాన్‌ను షూటింగ్‌కు పిలవకూడదు, రాత్రి ఆగిన సిబ్బందికి బండి బయట పడుకునే చోటు చూపించాలి. ఇందుకు కొత్త చట్టం రానక్కర్లేదు. బండి యజమానులు, డ్రైవర్ల సంఘాలు, సినీ కార్మిక సంఘాలు తమ జిల్లా రవాణా అధికారికి ఈ వారమే రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి.