తిన్న వెంటనే టీ.. ఐరన్‌కు గండి!

టిఫిన్ తినగానే టీ గ్లాసు చేతిలో పడాల్సిందే.. చాలా ఇళ్లలో ఇదే అలవాటు. రక్తహీనతపై పోరాటానికి ఇదీ ఓ అడ్డంకే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఏపీలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రభుత్వం ఐరన్ మాత్రలు ఉచితంగానే ఇస్తోంది. కానీ టీ, కాఫీల్లోని టానిన్లు ఆ ఇనుమును, ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుమును పట్టేసి ఒంటికి సరిగా అందనివ్వవు. మాంసంలోని ఇనుముపై ఈ ప్రభావం తక్కువ. అంటే శాకాహారులకే నష్టం ఎక్కువ. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని 2024లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచించింది. అదే తిండితో నిమ్మరసం తీసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. మాత్ర చేతిలో పెట్టేటప్పుడే ఈ మాట కూడా చెబితే.. పైసా ఖర్చు లేకుండా ఫలితం పెరుగుతుంది.