మూడు లక్షల ప్యాకేజీలో చేతికొచ్చేది ఎంత?

హైదరాబాద్‌లో డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం వెతికే యువతకు కంపెనీలు ముందుగా చెప్పేది ‘ప్యాకేజీ’. ఏడాదికి 3 లక్షలంటే నెలకు 25 వేలు వస్తాయని ఇంట్లో వాళ్లు లెక్కేసుకుంటారు. మొదటి జీతం పడగానే ఆ లెక్క తప్పుతుంది.

ప్యాకేజీ అంటే ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. బేసిక్ 12,500 అనుకుంటే, కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,500, గ్రాట్యుటీ కింద సుమారు 600 చాలా కంపెనీలు అందులోనే కలిపి చూపిస్తాయి. ఉద్యోగి వాటా పీఎఫ్ ఇంకో 1,500, వృత్తి పన్ను 200 పోతే మిగిలేది దాదాపు 21,200.

పీఎఫ్ ఎక్కడికీ పోదు, ఉద్యోగి పేరునే జమవుతుంది. అసలు చిక్కు గ్రాట్యుటీతోనే. పర్మనెంట్ ఉద్యోగి ఐదేళ్లు నిండకుండా మానేస్తే అది రాదు. అంటే ప్యాకేజీలో చూపించిన ఆ సొమ్ము అతను కళ్లజూడడు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకు ఏడాదికే గ్రాట్యుటీ హక్కు ఇచ్చాయి. నియామక పత్రం అందరికీ తప్పనిసరి చేశాయి.

రెండు ఆఫర్లు ఉన్నప్పుడు పోల్చాల్సింది ప్యాకేజీలను కాదు, నెలనెలా చేతికొచ్చే మొత్తాన్ని. వేరియబుల్ పే ఎంతో కూడా సంతకానికి ముందే అడగాలి, మొహమాటం అక్కర్లేదు. చేరాక యూఏఎన్‌తో పీఎఫ్ పాస్‌బుక్ చూస్తే, జీతంలో కట్ చేసింది జమైందో లేదో తెలిసిపోతుంది.