కుటుంబపు పనియా, బిడ్డ కూలియా?



నాగలి, విత్తనము, కలుపు, కల్లము, ఈ నాలుగు మాటలు లేక మన గ్రామ సంఘములలో ప్రసంగములు నడువవు. నడువవలసిన పనియు లేదు. ప్రభువే విత్తువానిని చూపి బోధించెను. అమరచింత చుట్టుపట్ల కాపురమున్న మనకు ఆ పాఠమును ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. జూరాల ఎడమ కాలువ క్రింద నాట్లు పడునప్పుడును, చెలకలో బుడ్డలు పీకునప్పుడును ఇల్లంతయు కదలును. తండ్రి గట్టు చెక్కును, తల్లి నారు పంచును, ముసలమ్మ అన్నపు మూట తెచ్చును, బడి విడిచిన పిల్లవాడు దూడను మేపును. విత్తినవాడు నిద్రించి లేచుచుండగా విత్తనము వానికి తెలియకయే మొలచునన్న సంగతిని మార్కు 4వ అధ్యాయములో చదివి పట్టణపు విశ్వాసి తల యూపును. మనము చేను చూచి తల యూపుదుము.

ఓర్పు, ఒకరి భారము నొకరు మోయుట, వాన కొరకు దేవుని వైపు చూచుట, ఇవి పొలములో నేర్వదగినవే. వీటికి నేను అడ్డు చెప్పుట లేదు. అయితే ఈ తియ్యని బోధ చాటున మన మధ్య జరుగుచున్న ఒక పనిని గూర్చి మాటలాడక తప్పదు. అది సీడ్ పత్తి.

కృష్ణ దాటినచో గద్వాల, నడిగడ్డ. అది మనకు పరాయి దేశము కాదు. మన చుట్టరికములును మన కూలిపనులును నదికి ఆ దరిని ఈ దరిని ఉన్నవి. అచ్చట పండు విత్తన పత్తి మామూలు పత్తివంటిది కాదు. 1970లో గుజరాతులోని సూరతు పరిశోధన కేంద్రమునుండి సి. టి. పటేల్ అను శాస్త్రజ్ఞుడు హైబ్రిడ్-4 అను సంకర పత్తిని విడుదల చేసెను. లోకములో రైతుల సాగునకు వచ్చిన మొదటి సంకర పత్తి అదియే. అట్టి విత్తనము తనంతట తాను కాయదు. సాయంత్రము ఆడ వరుసలోని మొగ్గను గోటితో ఒలిచి అందలి కేసరములు తీసివేయవలెను. మరునాటి ఉదయము మగ పువ్వు తెంపి తెచ్చి దాని పుప్పొడిని ఆ మొగ్గకు అంటించవలెను. ఇట్లు ఒక్కొక్క మొగ్గకు, ప్రతి దినము, రెండు మూడు నెలలు చేయవలెను. విడిచిన మొగ్గ మరునాటికి పనికిరాదు గనుక ఆదివారమును లేదు.

ఈ పనికి చిన్న వ్రేళ్లు కావలెనట. నడుము వంచనక్కర లేకుండ మొక్క ఎత్తుననే యుండువారు కావలెనట. చెప్పిన మాట వినువారును, తక్కువ కూలికి వచ్చువారును కావలెనట. ఇన్ని గుణములు గలవారు ఎవరో మీకు తెలియును. పది పండ్రెండేండ్ల ఆడపిల్లలు.

ఈ సంగతి రహస్యము కాదు. 2000 దరిదాపులనుండియు పత్రికలు వ్రాసినవి, పరిశోధకులు పొలములకు వచ్చి చూచిరి, విత్తన కంపెనీలు పిల్లలను పెట్టరాదని షరతులు వ్రాసుకొనినవి. ఫలితముగా కూలికి కుదిర్చిన పిల్లలు తగ్గిరి. మంచిదే. కాని పలు చేలలో కూలి బిడ్డ లేచిన చోట సొంత బిడ్డ నిలిచినది. అడిగినవారికి తండ్రి చెప్పు జవాబు ఒక్కటే: “అయ్యా, ఇది మా కుటుంబపు పని.”

చట్టమందును ఆ మాటకు చోటు దొరకినది. 2016లో బాల కార్మిక చట్టమును సవరించినప్పుడు 14 ఏండ్లు నిండని బిడ్డను ఏ పనిలోను పెట్టరాదనిరి. అయితే అపాయము లేని కుటుంబపు పనిలో, బడి వేళల తరువాతను సెలవులలోను సాయపడవచ్చుననిరి. ఈ సందులోనుండి దూడ మేపు పిల్లవాడు దూరవచ్చును, ఆక్షేపణ లేదు. సీడ్ పత్తి దూరదు. క్రాసింగు సెలవులలో వచ్చునది కాదు, వానకాలపు బడి నడుచుచుండగా వచ్చును. ఉదయపు పుప్పొడి పని బడి గంట వేళకే పడును. పురుగు మందు కొట్టిన ఆకుల మధ్య నిలిచి చేయు పని అపాయము లేనిదని ఏ వైద్యుడును చెప్పడు.

“మేమును ఇట్లే పెరిగితిమి, చచ్చితిమా?” అని పెద్దలు అందురు. మీరు పెరిగిన చేలలో ఇన్ని మందులు లేవు. మీరు ఏడాదిలో పది దినములు బడి మానిన సంగతియు, ఈ బిడ్డ రెండు నెలలు మాని మరి తరగతిలో కలియలేకపోవు సంగతియు ఒకటి కాదు.

“అప్పు ఎవరు తీర్చును?” అని మరియొకరు అందురు. ఈ ప్రశ్నను నేను తేలికగా త్రోసివేయను. ఆర్గనైజరు పెట్టుబడికి అడ్వాన్సు ఇచ్చును. పంట ధరను రైతు నిర్ణయింపడు. విత్తనము మొలక పరీక్షలో తప్పినచో నష్టము రైతుదే. ఈ సాగులో ఖర్చులలో పెద్దది కూలి ఖర్చు. ఆ కూలిని పూర్తిగా లెక్కించి ధర కట్టినయెడల తండ్రి పెద్దవారినే కూలికి పిలుచును. ఇంటి బిడ్డ ఉచితముగా వచ్చునని ఎరిగియే ధర కట్టుచున్నారు. పనివారి కూలిని పట్టి ఉంచిన ధనవంతులకు యాకోబు 5వ అధ్యాయములో వ్రాసినది ఏసీ గదులలో చదువదగినది. అయినను ఆ అప్పు కాగితముమీద వేలిముద్ర ఆ చిన్నదానిది కాదు.

మరియు ఇందులో “కలిసి చేయు పని” ఎక్కడ? కొడుకు వనపర్తిలో హాస్టలునందుండి ఇంగ్లీషు మీడియము చదువును, కూతురు చేనిలో మొగ్గ ఒలుచును. వాని ఫీజు దీని వ్రేళ్లనుండి వచ్చును. అట్టి యింటిని చూపి ఐకమత్యముగల క్రైస్తవ కుటుంబమని ప్రసంగ పీఠముమీద పొగడు సేవకులారా, విశ్రాంతి దినపు ఆజ్ఞను మరల తెరువుడి. నిర్గమకాండము 20వ అధ్యాయములో దేవుడు కుమారునితోపాటు కుమార్తె పేరు విడిగా ఎత్తెను, పశువును కూడ విడువలేదు. తండ్రికి ఇంటిమీద అధికారమున్నదని ఎరిగిన దేవుడే ఆ అధికారమునకు గట్టు వేసెను.

యోసేపు యిల్లు పనివారి యిల్లే. యేసు వడ్రంగి అని ఊరివారు మార్కు 6వ అధ్యాయములో అనుకొనిరి. అయినను పండ్రెండేండ్ల వయస్సున ఆయన బోధకుల మధ్య కూర్చుండి ప్రశ్నలు అడుగుచుండెను (లూకా 2). పెద్దవాడైన పిమ్మట నజరేతు సమాజమందిరములో గ్రంథము విప్పి చదివెను (లూకా 4). ఉలి పట్టిన చేతికి చదువును వచ్చెను. మన సంఘములో పండ్రెండేండ్ల పిల్ల పేతురు పత్రికను అక్షరము అక్షరము కూడబలుకుచుండగా, ఆ పిల్ల ఇల్లు పనిపాటులయందు దేవుని మహిమపరచుచున్నదని మనము ఎట్లు చెప్పగలము?

బేత్లెహేములో యెష్షయి తన యింట ఏడుగురు కుమారులను సమూయేలు ఎదుట నిలిపెను. కడసారివాడు గొఱ్ఱెలయొద్ద నుండెను. ఆ పని కుటుంబపు పనియే, అవసరమైన పనియే. అయినను వాడు వచ్చువరకు మేము భోజనమునకు కూర్చుండమని ప్రవక్త పట్టుబట్టెను.

బడి బయటనున్న ప్రతి బిడ్డయు బాల కార్మికురాలేనని శాంతా సిన్హాగారు, ఎం. వి. ఫౌండేషనువారు రంగారెడ్డి జిల్లా గ్రామములలో సంవత్సరముల తరబడి వాదించి, పిల్లలను బడిలో కూర్చుండబెట్టిరి. 2003లో ఆమెకు మెగసెసే బహుమానము వచ్చెను. ఈ పని మన సంఘ పెద్దలకు చేతకానిది కాదు. వానకాలము నడుమ సండే స్కూలు హాజరు పట్టీ తీసి ఏ పిల్ల పేరున గీతలు పడుచున్నవో చూడవలెను. ఆ యింటికి పాస్టరు ఆదివారమునాడు కాక, క్రాసింగు నడుచు ఉదయమున వెళ్లవలెను. మధ్యలో బడి మానిన ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు కలవు, వాటిలో చోటు అడుగుటకు తండ్రితోకూడ మండల కార్యాలయమునకు నడువవలెను. అప్పు మాట వచ్చినప్పుడు సంఘపు పొదుపు సొమ్ములోనుండి రెండు నెలల పెద్దకూలి సర్దుబాటు చేయవచ్చునేమో కమిటీలో చర్చింపవలెను. గుడి ప్రహరీ గోడ మరియొక సంవత్సరము ఆగవచ్చును. కోత పండుగనాడు సీడ్ పత్తి సొమ్ములోనుండి కానుక కవరు వచ్చినప్పుడు, దానిని బల్లమీద పెట్టకముందు ఆ యింటి చిన్నది ఈ వానకాలము ఏ తరగతిలో కూర్చున్నదో పెద్దలు అడుగవలెను.