మెతుకుసీమలో రంగుటద్దాలు

ప్రజాకళ అనగానే మన విమర్శకులకు కూడలిలోని విగ్రహమో, గోడమీది ఎర్రబొమ్మో తప్ప మరొకటి తోచదు. మెదక్ చర్చి కిటికీలను చూపిస్తే విదేశీ కళ, మతకళ అని ఒక్కమాటతో తోసిపుచ్చుతారు. ఇంతకన్న తేలిక విమర్శ లేదు.

నిజమే, ఆ రంగుటద్దాల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ ఇంగ్లండువాడు. నిర్మాణం తలపెట్టిన పాస్నెట్ మిషనరీ. మరి రాళ్లు మోసినదెవరు? 1914లో పని మొదలైంది. నిజాం ఏలుబడి, కరువు రోజులు. పట్టెడు మెతుకుల కోసం పల్లెలు కదలివచ్చి పదేళ్లు చెమటోడ్చగా 1924 డిసెంబరు 25న తలుపులు తెరుచుకున్నాయి. 175 అడుగుల గోపురం కింద భక్తి ఎంత ఉందో ఆకలీ అంత ఉంది.

ఆ అద్దాలు పగటి వెలుగులోనే పలుకుతాయి, పొద్దుగూకితే మూగ. అక్షరం రానివానికీ పుట్టుక, శిలువ, ఆరోహణ కథలను విప్పిచెబుతాయి. క్రిస్మస్‌నాడు ఆ ఆవరణలో ఎవరిదే మతమో తేల్చడం ఎవరితరం? హిందువులూ ముసల్మానులూ పిల్లలను భుజాన ఎత్తుకుని వస్తారు. ఊరిగుడి గడప తొక్కనివ్వని మాలమాదిగలు ఈ గడపను దర్జాగా దాటారు. మన కూడలి విగ్రహానికో? చుట్టూ ఇనుపకంచె, ఏడాదికొకనాడు నాయకుని దండ!

తగవు పడవలసిన చోటు వేరే ఉంది. 2024లో చర్చికి నూరేళ్లు నిండాయి. చిత్రకారుని పేరు అందరికీ తెలుసు. కూలీల పేర్లో? మెదక్‌లో చదువుకునే మన విద్యార్థులలో వారి మునిమనవలు ఉండరా? పాత లెక్కపుస్తకాలు వెదకండి, ముసలివాళ్లను అడగండి. దొరికిన ప్రతి పేరునూ ఆ ఆవరణలోనే, పిల్లలకు సైతం అందే ఎత్తున, చెక్కించమని పట్టుబట్టండి.